ఒక పూట ఆలస్యంగా చెప్పిన మాట

ఈ రోజు పొద్దున మా వీధిలో ఎవరింట్లోనో గంజి అడుగంటింది. గద్వాలలో మగ్గాలున్న వీధిలో కాపురం చేసేవాళ్ళకు ఈ వాసన కొత్త కాదు. తెల్లవారగానే పడుగు నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. శ్రద్ధగా కాచిన గంజికి అన్నం ఉడికిన వాసన వస్తుంది. కాస్త ఏమరుపాటుగా ఉంటే అదే గంజి కమురు కంపు కొడుతుంది. నేను వాకిలి ఊడుస్తున్నదాన్ని ఆ వాసనకు చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎదురింటి గోడ మీద రెండు పిల్లులు కూడా ముక్కులు పైకెత్తి నిలబడ్డాయి. వాటికేం గుర్తొచ్చిందో తెలియదు గానీ, నాకు మాత్రం బసమ్మత్త గుర్తొచ్చింది. గంజి అడుగంటిన రోజు ఆమె ఎదుట పడినవాళ్ళ పని అయిపోయేది. అంటించింది తనే అయినా తిట్లు మాత్రం మాకే.

బసమ్మత్త నాకు చుట్టం కాదు. మా అత్తగారింటికి మూడిళ్ళ అవతల ఆమె ఇల్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. రాయచూరు వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళయినా, కోపం ముదిరినా ముద్దు ముదిరినా ఆమెకు కన్నడమే వచ్చేది. మిగతా సమయాల్లో మా అందరిలాగే పాలమూరు తెలుగు మాట్లాడేది. నాకు నేత నేర్పింది ఆమే. నేను వడ్డేపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చినదాన్ని. మావాళ్ళు కౌలుకు చేసేవాళ్ళు. చిన్నప్పటి నుంచి విత్తనం పత్తి చేలల్లో నడుము వంచి మొగ్గలు ఒలవడం, పువ్వుకు పువ్వు రుద్దడం తప్ప నాకు వేరే పని తెలియదు. పెళ్ళయి గద్వాలకు వచ్చినా మా అత్త నన్ను ఆ చేలకే పంపేది. మా ఆయన ఆటో నడిపేవాడు. అట్లాంటి రోజుల్లో బసమ్మత్తకు మగ్గం పక్కన కూర్చునే మనిషి కావలసి వచ్చింది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు ముడిపడాలంటే పక్కన ఇంకో మనిషి కూర్చొని అంచు పట్టు పోగును అటూ ఇటూ మోసే నాడె అందించాలి. అంతకు ముందు ఆ పని చేసిన ఆమె భర్త మల్లప్ప మామకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన అరుగు మీదికి మారి కండెలు చుట్టుకుంటున్నాడు. నేను పోతానన్నాను. చేను తప్పితే చాలు, ఎక్కడికైనా పోయేదాన్నే.

మొదటి రోజు మంచి చీర కట్టుకుని, కాళ్ళు కడుక్కుని, గుడికి వెళ్ళినంత భక్తిగా వెళ్ళాను. వాళ్ళది గుంట మగ్గం. నేలలో మోకాళ్ళ లోతు గుంట ఉంటుంది. గట్టు మీద కూర్చొని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. నేను కూర్చొని కాళ్ళు దించబోయాను.

“ఆగు,” అంది బసమ్మత్త. “లోపల ఎవ్వరున్నరో చూసినవా?”

గుంటలో ఎవరుంటారో నాకు అర్థం కాలేదు. ఆమె మొహం వంక చూశాను.

“నీ ఇంట్లకు చెప్పకుండ ఎవ్వరన్న కాళ్ళు పెడ్తే ఊకుంటవా?” అంటూ ఆమె గట్టు మీద అరచేత్తో మూడుసార్లు కొట్టి ఆగింది. ముందు రెండు చెవులు కనబడ్డాయి. తర్వాత తీరిగ్గా ఎర్రటి పిల్లి ఒకటి పైకెక్కి, ఒళ్ళు విరుచుకుని, నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. దాని పేరు కెంచి. ఎర్రగా ఉండేదాన్ని కన్నడంలో అట్లా పిలుస్తారట. మా ఎండలకు గుంట ఒక్కటే చల్లటి చోటు కాబట్టి అది చెక్కల కింద పడుకునేది. చూడకుండా తొక్కితే దాని నడుము విరుగుతుంది. అందుకని ఆ ఇంట్లో ఎవరు మగ్గం ఎక్కినా ముందు గట్టు తట్టాలి, తర్వాత ఆగాలి. ఆగడమే ముఖ్యమని బసమ్మత్త పదే పదే చెప్పేది. తట్టగానే కాళ్ళు దించేవాళ్ళకు ఆమె చేతిలో దెబ్బ పడేది. నాకు రెండుసార్లు పడింది.

నిజం చెప్పాలంటే నాకు ఇదంతా వింతగా ఉండేది. మా పుట్టింట్లో ఎడ్లు, బర్రెలు ఉండేవి. మేత వేసేవాళ్ళం, నీళ్ళు పెట్టేవాళ్ళం, పని చేయించుకునేవాళ్ళం. కుక్కకు మిగిలింది పడేసేవాళ్ళం. పిల్లి కనబడితే పాలల్లో మూతి పెడుతుందని చీపురు విసిరేవాళ్ళం. మేం చెడ్డవాళ్ళమని కాదు, వాటితో మాట్లాడటం అనే పని ఒకటి ఉంటుందని మాకు తెలియదు. బసమ్మత్త మాత్రం నేస్తున్నంత సేపూ కెంచితో మాట్లాడేది. “ఊట ఆయ్తా?” అని అడిగేది, అంటే తిన్నావా అని. అది కళ్ళు మూసుకునేది. ఆమె దాన్నే జవాబుగా తీసుకుని ఇంకో మాట అడిగేది. అరుగు మీద రాట్నం తిప్పుతున్న మల్లప్ప మామ ఒకరోజు నాతో అన్నాడు, “నాతోని గా భాషల మాట్లాడి ఇరవై ఏండ్లయింది బిడ్డా. నాకు తిట్లే, అవి గూడ తెలుగుల.”

“నువ్వు గూడ ఎలుకను పట్టు, నీతోని గూడ మాట్లాడ్త,” అంది లోపలి నుంచి బసమ్మత్త.

ఆ ఇంట్లో పిల్లిని ఎందుకు ఉంచుకున్నారంటే అందుకే. గంజి పట్టిన పడుగు అంటే ఎలుకలకు ప్రాణం. ఒక్క ఎలుక దూరితే నెల రోజుల పని దారం దారంగా పోతుంది. బసమ్మత్తను ఎవరు అడిగినా ఇదే చెప్పేది. అది పని చేస్తుంది, అందుకే ఉంది, అంతే అనేది. ప్రేమ అనే మాట ఆమె నోట నేను వినలేదు. కానీ గంజి కాచిన రోజున, చల్లారిన గంజి మీద మీగడలా కట్టే పొరను వేలితో తీసి, రెండు చుక్కలు పాలు కలిపి కెంచికి పెట్టేది. పిల్లి గంజి తినడమేమిటని నేను పడి పడి నవ్వేదాన్ని. అది గిన్నెను తోమినట్టు నాకి, మీసాలు తుడుచుకుని వెళ్ళేది. ఒకసారి చీర చూడడానికి వచ్చిన షావుకారు అంచు మీద ఎర్రటి వెంట్రుక ఒకటి పట్టుకుని, “ఇదేంది బసమ్మా, పట్టుల పిల్లి వెంట్రుక?” అన్నాడు. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని దాన్ని మెల్లగా లాగి, “గిది మా కెంచి కూడ నేసిన చీర. జర సగం పేరు దానికి గూడ ఇయ్యాలె గద,” అంది. షావుకారు నవ్వుతూనే చీర మడిచాడు.

ఏడాదిన్నర గడిచాక నాకు చెయ్యి కుదిరిందని ఆమెకు అనిపించింది. ముందు గదిలో ఖాళీగా ఉన్న రెండో మగ్గం దులిపించి, “ఇది నీది. సాదా చీర నేయి. తప్పులు చేయి, కాని నా ముందర చేయి,” అంది. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళలేదు, ఎగిరి వెళ్ళాను. నా పేరు మీద ఒక మగ్గం అంటే, ఇక నేను చేనుకు పోనక్కర్లేదు. మా అత్త మాత్రం పెదవి విరిచింది. “చూద్దాం ఎన్నాళ్ళ ముచ్చటో. మగ్గం పోతే మల్ల చేనే గద,” అంది. ఆ మాట నా చెవిలో దూరి కూర్చుంది.

మగ్గం మీద మొదటి పడుగు ఎక్కించి పది రోజులు కాలేదు. పొద్దున వెళ్ళి చూస్తే జానెడు మేర దారాలు తెగి వేలాడుతున్నాయి. ఎలుక కొట్టింది. ఒక్కో తెగిన పోగునూ వెతికి పట్టుకుని అతకాలి. రెండు రోజులు కళ్ళు చిట్లించుకుని అతికాను. మూడో రోజున మళ్ళీ కొట్టింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. కెంచి అప్పుడు పనిలో లేదు. లోపలి గదిలో గంపలో మూడు పిల్లలను పెట్టుకుని పడుకుని ఉంది.

“బాలెంతరాలు గద, జర ఓపిక పట్టు. పిల్లలు కండ్లు తెరిచినంక అదే వస్తది డ్యూటీకి,” అంది బసమ్మత్త.

“అందాంక నా పడుగు ఉంటదా అత్తా? మందు పెడ్దామా?” అన్నాను.

ఆమె నాడె ఆపింది. “మగ్గమున్న ఇంట్ల మందు మాట తీయకు. మందుకు ఎలుక ఏదో పిల్లి ఏదో తెల్వదు,” అంది. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆమె అనుకోలేదు.

నేను వినలేదు. సాయంత్రం బజారుకు పోయి ఎలుకల మందు ప్యాకెట్టు ఒకటి తెచ్చాను. దాన్ని ఎట్లా పెట్టాలా అని ఆలోచిస్తే నాకు గొప్ప తెలివి పుట్టింది. ఎలుకలు గంజి కోసమే కదా వస్తున్నాయి, గంజిలోనే కలిపితే సరి. కుండ అడుగున మిగిలిన గంజిని ముద్దగా చేసి, మందు పిసికి, ఒక రేకు మూతలో పెట్టి నా మగ్గం కింద మూలకు తోశాను. మిగిలిన ప్యాకెట్టును దూలం సందులో దోపాను. చేలల్లో పని చేసినదాన్ని, మందు అంటే నాకు బెదురు లేదు. కెంచి పిల్లలను వదిలి ముందు గదికి రాదులే అనుకున్నాను. అది గంజి తింటుందని, అది చూసి ఏడాదిన్నరగా నవ్వుతున్నది నేనేనని, ఆ సాయంత్రం నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. మర్నాడు పొద్దున మూత ఖాళీగా ఉంది. ఎవరూ చూడకుండా కడిగేశాను. ఆ రోజు నుంచి దారాలు తెగలేదు. నేను పాట పాడుకుంటూ నేశాను.

నాలుగో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి బసమ్మత్త మగ్గం మీద లేదు. గంప ముందు కూర్చొని ఉంది. కెంచి పక్కకు ఒరిగి ఉంది. పిల్లలు పాల కోసం ఎక్కి తొక్కుతున్నా కదలడం లేదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి, ముక్కు దగ్గర నెత్తురు చార ఉంది. “ఎవడో రాయితోని కొట్టినట్టుండు,” అంది బసమ్మత్త. అప్పుడు నాకు ఆ రేకు మూత గుర్తొచ్చింది. ఎలుకలు కొరుకుతాయి, చిందరవందర చేస్తాయి, సగం వదిలేస్తాయి. ఆ మూత మాత్రం తోమినట్టు నాకి ఉంది. కడిగేటప్పుడు నా చేతులకు అది తెలుసు. నా బుర్రకు నాలుగో రోజు తెలిసింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నోరు తెరిస్తే మగ్గం పోతుంది, మగ్గం పోతే చేను, చేను పక్కన మా అత్త నవ్వు. ఇవన్నీ వరసగా కనబడ్డాయి. బసమ్మత్త వేడి పాలు తెచ్చి మూతికి అద్దింది, పసుపు రాసింది, కన్నడంలో బతిమాలింది. నేను పక్కనే నిలబడి గుడ్డలు అందించాను, నీళ్ళు తెచ్చాను, ఎంతో సాయం చేశాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ సాయం మీద నాకు అసహ్యం వేస్తుంది. పొద్దెక్కే కొద్దీ అది ఇంకా వాడిపోయింది. మధ్యాహ్నానికి నేనే పోయి మా ఆయన ఆటో పిలుచుకొచ్చాను. పాత చీర ముక్కలో చుట్టి, బసమ్మత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. పశువుల దవాఖానకు పోయాం.

డాక్టరు చిన్న వయసువాడు. దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు, కడుపు నొక్కి చూశాడు. “ఏమన్న తిన్నదా అమ్మా? ఎలుకల మందు గిట్ల పెట్టిండ్రా ఇంట్ల?” అని అడిగాడు.

“మందా?” అంది బసమ్మత్త. “ముప్పై ఏండ్ల సంది మా గడప దాటి మందు లోపలికి రాలే సార్. ఎవడో కొట్టిండు.”

“దెబ్బైతే ఒక తీరు చూడాలె. మందైతే దానికి వేరే సూది ఉంటది. ఆలస్యమైతే ఏ సూదీ పని చెయ్యది,” అని ఆయన బల్ల మీది సీసాల వైపు తిరిగాడు. దెబ్బకు వేసే సూదే తీస్తున్నాడని నాకు అర్థమైంది. బసమ్మత్త అంత గట్టిగా చెప్పాక ఆయన ఇంకెందుకు అనుమానిస్తాడు? ఆమె నమ్మకమే కెంచిని చంపబోతోంది. ఆ నమ్మకం నా మీద.

“సార్, నేను పెట్టిన,” అన్నాను. ఆయన సీసా మూత తీస్తూనే ఉన్నాడు. మళ్ళీ అన్నాను. “నేను పెట్టిన సార్. నాలుగు రోజులైంది. గంజిల కలిపి పెట్టిన.”

పిల్లి తల మీద ఉన్న బసమ్మత్త చెయ్యి ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. కాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ కదిలింది. డాక్టరు ప్యాకెట్టు కావాలన్నాడు. ఏ మందో తెలియకుండా సూది వేయలేనన్నాడు. మా ఆయన నన్ను ఎక్కించుకుని బసమ్మత్త ఇంటికి తిప్పాడు. దారి పొడుగునా అద్దంలో నన్ను చూస్తూనే నడిపాడు. దూలం సందులోంచి ప్యాకెట్టు తీసి, పిడికిట్లో పట్టుకుని తిరిగి వచ్చాను. డాక్టరు దాని మీది అక్షరాలు చదివి, “ఈ రకానికి విరుగుడుంది. ఇంకో రకమైతే నా చేతుల ఏం లేకుండె,” అన్నాడు. నెత్తురు గడ్డకట్టడానికి సూది వేశాడు. మూడు రోజులు సూదులు, ఆ తర్వాత మూడు వారాలు మాత్రలు. పిల్లలు కొన్నాళ్ళు తల్లి పాలు తాగకూడదని చెప్పాడు.

ఇంటికి వచ్చేదాకా బసమ్మత్త మాట్లాడలేదు. ఆమె తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆ నోటి నుంచి మాట రాకపోవడం నేను అప్పటిదాకా చూడలేదు. మర్నాడు నేను పోలేదు. మగ్గం పోయినట్టే లెక్క అనుకుని చేనుకు వేసుకునే పాత జాకెట్టు వెతుక్కుంటున్నాను. వాకిట్లో పెద్ద గొంతు వినబడింది.

“ఏంది, పండుగ చేస్కుంటున్నవా ఇంట్ల? పిల్లలకు పాలెవ్వరు పోస్తరు, మీ అత్తనా?”

మా అత్త లోపలికి తప్పుకుంది. నేను జాకెట్టు పారేసి ఆమె వెనకాల నడిచాను.

ఆ మూడు పిల్లలకూ అప్పుడే కళ్ళు తెరుచుకుంటున్నాయి. మేకపాలలో కాచిన నీళ్ళు కలిపి, నూలు వత్తిని ముంచి, ఒక్కొక్క దాని నోట్లో పెట్టాలి. రెండు గంటలకోసారి పెట్టాలి. పగలు నేను, రాత్రి ఆమె. పాలు పట్టడంతో అయిపోదని బసమ్మత్త చూపించింది. తడిగుడ్డతో పొట్ట కింద మెల్లగా తుడవాలి. తల్లి నాలుకతో చేసే పని అది, అట్లా తుడిస్తేనే పిల్లలు ఒంటికి పోస్తాయి. మొదట నాకు చెయ్యి రాలేదు. తెగిన పట్టు దారాన్ని పట్టుకునేటంత మెల్లగా పట్టుకోమంది. అప్పుడు వచ్చింది. వాటి గుండె నా వేళ్ళకు తెలిసేది. చీపురు విసిరిన చేతులే అవి. ఒక పిల్ల పాలు తాగి నా అరచేతిలో నిద్రపోతే, కదిలితే లేస్తుందేమోనని నేను చెయ్యి తిమ్మిరెక్కేదాకా కూర్చున్నాను. నాకు బిడ్డలు పుట్టక ముందు సంగతి ఇది. అంత సంతోషం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలియలేదు. తప్పు చేసినదానికి సంతోషం ఏమిటని సిగ్గు కూడా వేసింది.

మూడో రోజు సాయంత్రం అన్నిట్లోకీ చిన్నది చనిపోయింది. పెరట్లో సీతాఫలం చెట్టు కింద పెట్టాం. వారం దాటాక కెంచి లేచి నిలబడింది, గుడ్డు సొనలో కలిపిన మాత్రను కనిపెట్టి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. అది చూసి ఇక బతికినట్టేనని మల్లప్ప మామ అన్నాడు. పక్కింటామె వచ్చి పిల్లలెట్లా ఉన్నాయని అడిగితే, “రెండు మంచిగున్నయ్,” అన్నాను నేను.

“మూడు పుట్టినయ్ అని గూడ చెప్పు,” అంది బసమ్మత్త, నాడె ఆపకుండానే.

కెంచి మళ్ళీ గుంటలోకి దిగి పడుకున్న రోజున నేను ఉండబట్టలేక అడిగాను. “నన్నెందుకు వెళ్ళగొట్టలేదత్తా?”

ఆమె నేస్తూనే అంది, “దవాఖానల నోరిప్పకుంటె వెళ్ళగొడుదును. దాని కడుపుల ఏమున్నదో దానికి చెప్పనీకి రాదు. నువ్వు చెప్పగల్గుతవు. చెప్పినవ్. గందుకే ఉన్నవ్.” ఇంకో నాలుగు పోగులు వేసింది. “కాని నీకు పొద్దుగాలనే ఎర్కైంది. మధ్యాహ్నం చెప్పినవ్. గా పూట నీ మీద ఉంటది. నేను తీయలేను, ఉండనీ. ఉంటేనే మంచిది.”

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. అంచు నాడె అందించమంది, అందించాను.

ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఆ ఇంట్లోనే నేశాను. కెంచి ముసలిదై, మగ్గం మీద ఎండ పడే చోట పడుకుని, తన రోజులు నిండాక పోయింది. దాని పిల్లల్లో ఒకటి బుట్టలో కూర్చొని బస్సెక్కి వనపర్తిలో బసమ్మత్త కూతురింటికి వెళ్ళింది. దారి పొడుగునా అరిచి బస్సులో అందరినీ పలకరించిందట. మల్లప్ప మామ పోయాక బసమ్మత్త కూడా వనపర్తికే మారింది. ఫోను చేస్తే ముందు పిల్లి సంగతి చెప్పేది, తర్వాత మనవల సంగతి, చివరికి తన కీళ్ళ నొప్పుల సంగతి. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆమె అంటే నాకు ఎంతో ఇష్టం. బతికుండగా ఆ మాట చెప్పలేదు. చెబితే కన్నడంలో తిట్టేది, అదైనా వినేదాన్ని.

ఇప్పుడు నాకు సొంత మగ్గాలు రెండున్నాయి, ఇంట్లో రెండు పిల్లులు, ఎవరిదో తెలియని ఒక కుక్క. నేతతో పాటు ఇంకో పని కూడా నా మీద పడింది. మా వీధిలో ఎవరి జీవానికి బాగా లేకపోయినా నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు పోతారు. నాకు వైద్యం రాదు. అయినా ఎందుకు తీసుకుపోతారంటే, డాక్టరు అడిగినప్పుడు మనుషులు నిజం చెప్పరు. చెడ్డవాళ్ళై కాదు, సిగ్గుపడి. ఏమీ పెట్టలేదు సార్, రాత్రి దాకా మంచిగుండె సార్ అంటారు. నేనూ అట్లాగే నిలబడినదాన్ని కాబట్టి ఆ మొహాలు నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి పోకముందే వరండాలో కూర్చోబెట్టి, ముందు నా సంగతి చెబుతాను. అందులో ఏమీ దాచను, చిన్నది పోయిందన్న మాట కూడా.

కిందటి వారం మా వెనక వీధి ఖాదర్ భాయ్ మేకతో పాటు నన్నూ దవాఖానకు తీసుకుపోయాడు. వరండాలో అది కడుపు ఉబ్బి, కాళ్ళు చాచి పడుకుంది. ఆ మేకను వాళ్ళింట్లో పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు, అది వాళ్ళతో పాటే బడి గేటు దాకా నడుస్తుంది. అమ్మడానికో కోయడానికో పెంచింది కాదు. అంతకు ముందు రోజే ఆయన బిడ్డ పెళ్ళయింది. “ఏమన్న తిన్నదా భాయ్?” అంటే, “ఏం తినలే అక్కా. గడ్డే,” అన్నాడు, నేల చూస్తూ.

“భాయ్, నేను మా బసమ్మత్త పిల్లికి మందు పెట్టిన. గంజిల కలిపి పెట్టిన. పొద్దుగాల ఎర్కైతే మధ్యాహ్నం దాంక చెప్పలే. ఒక పిల్ల చచ్చిపోయింది,” అన్నాను. “నువ్వేం పెట్టినవ్?”

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “పెండ్లి అన్నం మిగిలింది. మూత పెట్టుడు మరిచిన. తెల్లారగట్ల ఒక పళ్ళెమంత తిన్నట్టుంది,” అన్నాడు. నేను ఆగాను. మేక మూలిగింది. ఆయన దాని చెవి నిమురుతూ, “నాలుగు పళ్ళాలక్కా,” అన్నాడు.

లేచి ఇద్దరం లోపలికి పోయి డాక్టరుకు అదే మాట చెప్పాం. మేక బతికింది. తెల్లారగట్ల తిన్నదాన్ని పొద్దెక్కేదాకా ఎందుకు దాచిండ్రని బసమ్మత్త ఉంటే ఖాదర్ భాయ్‌ని కడిగేసేది, పక్కన ఉన్న పాపానికి నన్ను కూడా.